ఫ్యాను బిగించే మనిషిని పిలిచే ముందు

అమ్మాయికి దీవెనలు.

కొత్త ఫ్యాను కొన్నావనీ, బిగించడానికి మనిషి కోసం చూస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. అరగంట పనే కదా అని ఎవరు దొరికితే వాళ్లని పిలిచేయకు. ఫ్యాను విషయంలో మంచి పనీ, చెడ్డ పనీ కింద నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా రాడ్ పైకొసన హుక్కుని మూసే గిన్నెలాంటి కప్పు లోపల ఉంటుంది. దాన్ని పైకి జరిపి స్క్రూ బిగించేశాక ఇక ఎవరికీ కనబడదు. అందుకే ఎవరు వచ్చినా ఒక్క షరతు పెట్టు: కప్పు మూసే ముందు నన్ను పిలవండి, చూస్తాను అని. పని తెలిసినవాడు దానికేమీ నొచ్చుకోడు.

ఫోన్‌లోనే మనిషి సగం తెలిసిపోతాడు. "ఫ్యానేగా, వచ్చేస్తా" అనేవాడి కంటే "స్లాబా, ఫాల్స్ సీలింగా? హుక్కు ఉందా? మామూలు ఫ్యానా, బీఎల్‌డీసీనా?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు నయం. బీఎల్‌డీసీ అంటే లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉండి, తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాను. పైనున్న హుక్కు, స్విచ్‌బోర్డు, ఫ్యాను డబ్బా మీది లేబులు ఫోటోలు తీసి ముందే పంపు. ఏ సామాను తెచ్చుకోవాలో అతనికి తెలుస్తుంది, మధ్యలో షాపుకి పరుగులుండవు. కూలి మాట కూడా అప్పుడే తేల్చుకో. పాత ఫ్యాను దించడం, రెగ్యులేటర్ మార్చడం, హుక్కు లేకపోతే డ్రిల్ చేసి యాంకర్ (స్లాబు రంధ్రంలో బిగుసుకునే బోల్టు) వేయడం అందులోనే వస్తాయా, విడిగానా అన్నది ముందే తేలాలి. లైసెన్సు ఉందా అని అడగడానికి మొహమాటపడకు. వారంటీ కార్డు కూడా ఒకసారి చదువు, బిగింపు గురించి షరతులేవైనా ఉంటే అందులోనే ఉంటాయి.

కొలతలు పెద్ద సంగతి కాదు. పన్నెండడుగుల గదికి 1200 మిల్లీమీటర్ల ఫ్యాను, చిన్న గదికి 900 సరిపోతాయి. రెక్కలు నేలకు 7 అడుగుల కంటే కిందికి రాకూడదు, ఇంకొంచెం ఎత్తుంటే మరీ మంచిది. గోడకూ రెక్క కొసకూ మధ్య అడుగున్నర, పైకప్పుకూ రెక్కలకూ మధ్య దాదాపు అడుగు వదలాలి. రెక్కలు స్లాబుకి మరీ దగ్గరైతే పైనుంచి గాలి లాక్కోవడానికి చోటుండదు, ఎంత తిరిగినా కిందికి గాలి రాదు.

అసలు చూడాల్సింది హుక్కు. పాత ఫ్యాను దించగానే హుక్కు లోపలి వంపు మీద టార్చి వేసి చూడమను. హుక్కు వంపులో కూర్చుని ఫ్యానుని మోసే రబ్బరు రీలు ఎప్పుడో అరిగిపోయి ఇనుము ఇనుమునే రాసుకుంటూ ఉంటే అక్కడ మెరుస్తూ గాడి కనిపిస్తుంది. గాడి పడిన హుక్కుకి, తుప్పు పట్టి పెచ్చులూడుతున్న హుక్కుకి కొత్త ఫ్యాను తగిలించకూడదు. ఆగి ఉన్న ఫ్యాను బరువొక్కటే లెక్క కాదు, తిరిగేటప్పుడు అది రోజూ గంటల తరబడి గుంజుతూనే ఉంటుంది.

హుక్కే లేకపోతే స్లాబులో యాంకర్ ఫాస్టెనర్ వేయాలి. అది కాంక్రీటులో పట్టుకోవాలి, పైపూత సిమెంటులో కాదు. రంధ్రం చేశాక లోపలి పొడి ఊది, బ్రష్షుతో శుభ్రం చేసి అప్పుడు యాంకర్ దించాలి. పొడి మీదే కొట్టేస్తే ఆ రోజుకి గట్టిగానే ఉంటుంది, తర్వాత వదులై జారుతుంది. కరెంటు పైపులు స్లాబులోంచే వెళ్తాయి కాబట్టి అవి ఏ వైపు పోతున్నాయో చూసుకోకుండా డ్రిల్ పెట్టనివ్వకు. ఫాల్స్ సీలింగైతే ఆ బోర్డుకి గానీ, దాన్ని మోసే సన్నపు రేకు ఫ్రేముకి గానీ ఫ్యాను వేలాడకూడదు. రాడ్ బోర్డులోని కంతలోంచి, దానికి తగలకుండా, పైన అసలు స్లాబు దాకా వెళ్లాలి. రాడ్ పొట్టిదైతే ఆ ఫ్యానుకి సరిపోయే పొడవుది కొనాలి గానీ, రెండు ముక్కలు అతికించిందైతే వద్దను.

ఇప్పుడు కప్పు మూసే ముందు చూడాల్సినవి. రబ్బరు రీలు కొత్తదై, హుక్కు వంపులో సరిగ్గా కూర్చోవాలి. దానిలోంచి వెళ్లే బోల్టుకి నట్టు బిగించాక, బోల్టు కొసనున్న చిన్న రంధ్రంలో స్ప్లిట్ పిన్ దూర్చి, రెండు కాళ్లూ చెరో వైపుకి విడదీసి వంచాలి. నట్టు వదులైనా ఊడి పడకుండా ఆపేది ఆ పిన్నే. పిన్ కనబడక మేకు వంచి పెట్టడం, బైండింగు తీగ చుట్టడం, పాత పిన్నునే మళ్లీ సాగదీసి వాడడం చూస్తే అక్కడే ఆపించు. రాడ్ కింది కొసలో, మోటారుతో కలిసే చోట కూడా అలాంటి బోల్టూ పిన్నూ ఉంటాయి, వాటినీ చూడు. ఫ్యానుతో భద్రతా తీగ ఇచ్చి ఉంటే దాన్ని విడిగా కట్టాలి. డబ్బాలో మిగిలిపోయిందంటే వేయలేదన్నమాటే.

వైర్లు ఒట్టిగా మెలిపెట్టి టేపు చుడితే వేడికి జిగురు పోయి టేపు విడిపోతుంది. కనెక్టర్‌లో పెట్టి స్క్రూ బిగించాలి. ఎర్త్ వైరుని చాలామంది మడిచి కప్పులో తోసేస్తారు, అది ఫ్యాను ఎర్త్ టెర్మినల్‌కి చేరిందో లేదో అడుగు. స్విచ్చి ఫేజుని (కరెంటు వచ్చే వైరుని) తెంపాలి, న్యూట్రల్‌ని (తిరిగి వెళ్లే వైరుని) కాదు.

నిచ్చెన ఎక్కే ముందు ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్చి) ఆపడం అందరికీ గుర్తుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మాత్రం మెయిన్ ఆపినా ఫ్యాను వైరులో కరెంటు ఉండొచ్చు. దాన్ని కూడా ఆపించి, టెస్టర్‌ని మొదట కరెంటు ఉన్న చోట వెలిగించి, అది పనిచేస్తోందని తేలాకే పైవైరు మీద పెట్టమను.

బీఎల్‌డీసీ ఫ్యానైతే పాత రెగ్యులేటర్‌ని లైన్‌లోంచి తప్పించాలి. అలాగే ఉంచితే లోపలి సర్క్యూట్ పాడయ్యే ప్రమాదం ఉంది. మామూలు ఫ్యానుకి లైటు డిమ్మర్ పెట్టనివ్వకు, మోటారు గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది.

డబ్బులిచ్చే ముందు అన్ని స్పీడుల్లో కలిపి పావుగంట తిప్పించు. ఊగితే టేపు తీసుకుని, పైకప్పు మీద ఒకే చోటు నుంచి ఒక్కో రెక్క కొసకి దూరం కొలవమను. రెండు, మూడు మిల్లీమీటర్లు మించి తేడా ఉంటే రెక్క వంగిందనో, స్క్రూ వదులైందనో అర్థం. రెక్కల్ని తూచి జతచేసి పంపుతారు కాబట్టి ఇంకో ఫ్యాను రెక్కలు కలపకూడదు. గాలి కిందికి రాకపోతే తిరిగే దిశ చూడు: రెక్క ఎత్తుగా ఉన్న అంచు ముందు నడవాలి. దిశ తిరగబడితే కెపాసిటర్ (మోటారుని తిప్పడం మొదలెట్టడానికి సాయపడే చిన్న భాగం) వైర్లు మారాయన్నమాట. కెపాసిటర్ మార్చాల్సి వస్తే దాని మీద రాసిన అంకె, ఉదాహరణకి 2.5 మైక్రోఫారడ్, అదే ఉన్నది వేయించు. ఎక్కువది వేస్తే జోరుగా తిరుగుతుందని ఎవరైనా అంటే వినకు, వైండింగు కాలుతుంది.

నెల తర్వాత రెక్కల స్క్రూలు ఒకసారి బిగించాలి. ఆ పనికి కూలి లేకుండా వస్తారా అని ఇప్పుడే అడిగి, ఒప్పుకుంటే బిల్లు మీద రాయించుకో.

ఇట్లు,
మీ పెదనాన్న