డీకన్‌గారి జీవితం రాసేముందు

బుజ్జీ,

ప్రభువు నామంలో శుభాలు. డీకన్‌గారి హోమ్‌గోయింగ్ (అంతిమ వీడ్కోలు ఆరాధన) బుక్‌లెట్‌లో ఆయన జీవిత చరిత్ర నువ్వే రాస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కాన్సాస్ సిటీలో అంత పాత నల్లజాతి బాప్టిస్టు సంఘం మన పిల్లకి ఆ పని అప్పజెప్పిందంటే నాకు ఎంత గర్వమో అంత భయం. సమాధి కార్యక్రమం శనివారం, ఇవాళే సోమవారం. చిన్న పనులు ముందు చెప్పేస్తాను.

పుట్టిన తేదీ జనన ధ్రువపత్రంలోంచో, ఇంటి బైబిలు ముందు పేజీల్లోంచో తీసుకో. ఆయన బేస్‌బాల్ ఆడిన జట్టు కాగితాల్లోంచి తీసుకోకు. పెద్ద జట్లకి ఆటగాళ్లని వెతికే స్కౌట్ల కంట్లో పడాలని ఆటగాళ్లు వయసు రెండు మూడేళ్లు తగ్గించి చెప్పుకోవడం ఆ రోజుల్లో మామూలే. బుక్‌లెట్ పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. ఎనిమిది చాలకపోతే పన్నెండు, తొమ్మిది కుదరదు. పాత ఫొటోని ఫ్రేములోంచి తీసి 600 డీపీఐలో స్కాన్ చెయ్యి. అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకు, అద్దంతో సహా చెయ్యి. వెనక పెన్సిల్ రాత ఉంటే అదీ చెయ్యి. మొత్తం ఐదు వందల మాటలు దాటనివ్వకు.

ఇక నా గుండెలో గుబులు. ఆయన 1953లో మీ ఊరి నల్లజాతి బేస్‌బాల్ జట్టు మోనార్క్స్‌కి ఆడారట కదా. ఆ ఊళ్లో ఆ పేరు వినగానే చెయ్యి ఆగదు, ‘మాజీ మేజర్ లీగ్ ఆటగాడు’ అని రాసేస్తావు. రాయకు.

నల్లవాళ్లని మేజర్ లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు ఆడిన నీగ్రో లీగులకు మేజర్, అంటే అత్యున్నత స్థాయి, హోదా ఉన్నట్టు 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ ప్రకటించిన మాట నిజమే. అయితే అది ఏడు లీగులకి, 1920 నుంచి 1948 వరకే. 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో అడుగుపెట్టాక మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. నీగ్రో అమెరికన్ లీగ్ ఆ తర్వాతా నడిచింది, మోనార్క్స్ అందులోనే ఆడింది. కానీ ఆ ఏళ్లకి ఆ హోదా లేదు.

ఈ తేడా పట్టించుకోకుండా ఇంకో డీకన్‌గారి బుక్‌లెట్‌లో ఆ మాట అచ్చు వేయించింది నేనే. కూడిక జరుగుతుండగానే ఆయన మనవడు, పదహారేళ్ల పిల్లాడు, ఫోన్‌లో రికార్డుల సైటు తెరిచి తాత పేరు వెతికాడు. లేదు. స్పెల్లింగ్ మార్చి వెతికాడు. లేదు. పెట్టె పక్కన నిలబడి వాళ్ల నాయనమ్మని అడిగాడు: ‘అయితే తాత ఆడలేదా?’ ఆ తాత బతికుండగా ఏనాడూ తనని మేజర్ అనుకోలేదు. ఆ మాట నాది. మచ్చ మాత్రం ఆయనకి.

పేరు దొరక్కపోవడానికి కారణాలున్నాయి. నల్లజాతి పత్రికలు చాలావరకు వారానికోసారి వచ్చేవి, స్కోర్లు అన్నీ వాటికి చేరేవి కావు. వేసినా ఇంటిపేరే వేసేవాళ్లు, అదీ తప్పుల్తో. ఊరూరా తిరిగి స్థానిక జట్లతో ఆడిన ఆటలు లీగ్ లెక్కలోకే రావు. అందుకని షికాగో డిఫెండర్‌లో, మీ ఊరి ‘కాల్’ పత్రికలో మే నుంచి సెప్టెంబరు దాకా ఇంటిపేరు, జట్టుపేరు కలిపి వెతుకు. 18వ వీధి, వైన్ దగ్గరున్న నీగ్రో లీగ్స్ మ్యూజియానికి ఫొటో పట్టుకెళ్లి అడుగు. ఇంట్లో కాంట్రాక్టు కాగితం ఉందేమో ఆంటీని, అదే డీకన్‌గారి భార్యని, అడుగు. ఆయన ఆ ఏడాది ఆడినట్టు కాగితం దొరికితే ఇలా రాయొచ్చు: 1953 మోనార్క్స్‌కి మేనేజరు బక్ ఓనీల్, ఆ సెప్టెంబరులో మేజర్ లీగ్ జట్టు షికాగో కబ్స్‌కి వెళ్లిన ఎర్నీ బ్యాంక్స్ అదే జట్టువాడు. దీని పక్కన ‘మేజర్’ అన్న మాట ఎందుకు చెప్పు?

అంకెలు వేస్తే జాగ్రత్త. 90 ఎట్-బ్యాట్లకి (బ్యాటింగ్ లెక్కలోకి వచ్చే అవకాశాలకి) 27 హిట్లయితే సగటు .300, ‘త్రీ హండ్రెడ్’ అని చదువుతారు. వాక్‌లు, అంటే నాలుగు చెడ్డ బంతులు పడి ఊరికే దొరికిన బేస్‌లు, ఆ 90లోకి రావు. చుక్క మరిచిపోతే మన క్రికెట్ వాళ్లు మూడు వందల పరుగులనుకుంటారు! ‘నీగ్రో’ అన్న మాట లీగ్ పేరులోనే ఉంచు, వేరేచోట వాడకు.

డీకన్ సేవ గురించి రాసేటప్పుడు ‘రెవరెండ్’ అని పెట్టకు. బాప్టిస్టుల్లో డీకన్ పాస్టరు కాదు, సంఘం ఎన్నుకున్న పరిచారకుడు. ఎన్నికైన తేదీ, అభిషేకం జరిగిన తేదీ వేరువేరుగా ఉంటాయి. రెండూ సంఘం మినిట్స్ పుస్తకంలో చూడు. ‘నమ్మకంగా సేవ చేశారు’ అని ఊరుకోకు, చేతులు చేసిన పని రాయి. ప్రభురాత్రి భోజనం ట్రేలో నలభై చిన్న గ్లాసులు పడతాయి. వాటిని ఎవరు నింపేవారు, ఒలికింది ఎవరు తుడిచేవారు? ఆరాధనకి ముందు పాట ఎత్తుకుని ఒక్కో చరణం పలికి అందరిచేత పాడించింది ఆయనేనా? అడుగు. ఎవరింటి కరెంటు బిల్లు కట్టారన్నది మాత్రం ఎవరు చెప్పినా వేయకు. ఆ ఇంటివాళ్లు ముందు వరసలోనే కూర్చుని ఉంటారు.

బుధవారం సాయంత్రం ఆంటీ పక్కన కూర్చుని మొత్తం పైకి చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ తల దించుకుంటే అక్కడ ఆగి అడుగు. గురువారం పొద్దున్నే ప్రెస్‌కి వెళ్లాలి. రాత్రుళ్లు మేలుకుని తిండి మానేశావని మీ అమ్మ మళ్లీ ఫోన్ చేసిందా, ఊరుకోను.

మీ అమ్మ పంపిన కాగితంలో పెద్ద మనవడి పేరు ఒకచోట ఒక ‘ఎల్’తో, ఇంకోచోట రెండు ‘ఎల్’లతో ఉంది. ముందు ఆ పిల్లాణ్ణే అడిగి రాసుకో.

పెదనాన్న