మంచు ఆగి ఎండ కాసింది కదా అని ఎక్కేయకండి

మీరు గుంటూరు నుంచి నలుగురు సంక్రాంతి సెలవుల్లో ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో ఉన్న కేదార్‌కంఠ శిఖరం ట్రెక్‌కి వెళ్తున్నారు. రెండు రోజులు భారీగా మంచు పడేలా ఉంది, ఆగగానే పైకి వెళ్లొచ్చా అని అడిగారు. వద్దండీ. బాగా మంచు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజుల్లోనే మంచు చరియలు ఎక్కువగా జారతాయి.

మాది విజయవాడ. మనకు మంచంటే ధనుర్మాసంలో కృష్ణ మీద కమ్ముకునేదే కాబట్టి, అక్కడిది దూదిలా ఉంటుందనుకుంటాం. మూడేళ్ల క్రితం కేదార్‌కంఠకి వెళ్లినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. రెండు రాత్రులు కురిసి, తెల్లారేసరికి ఆకాశం నీలంగా మెరుస్తోంది. 3,800 మీటర్ల శిఖరం ఎదురుగా ఉంది. గైడ్ మాత్రం ససేమిరా అన్నాడు. నాకు కోపమొచ్చింది.

ఆయన వాదించలేదు. పార తీసుకుని నడుము లోతు గుంట తవ్వాడు. పైన గట్టి పొర, అడుగున పంచదారలాంటి గింజలు. గుప్పెడు తీసి నొక్కితే ముద్ద కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. తర్వాత ఒక దిమ్మెలా కోసి, పార దాని మీద ఆనించి అరచేత్తో తట్టాడు. పన్నెండో దెబ్బకో ఏమో, పై పొర సొరుగు లాగినట్టు ముందుకు జారింది. నా కోపం అక్కడే చచ్చిపోయింది.

30 నుంచి 45 డిగ్రీల వాలులే ఎక్కువగా జారతాయి. గాలి మంచును ఎత్తుకెళ్లి శిఖరానికి అవతలి పక్క పోస్తుంది, ఆ పక్క మరీ ప్రమాదం. నడుస్తుంటే కాళ్ల కింద ‘ధబ్’మని బోలు శబ్దం వచ్చినా, పగులు పాకినా వెంటనే వెనక్కి వచ్చేయండి. జారిన మంచు ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుంది. పావుగంటలోపు తవ్వి తీయకపోతే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. అందుకే ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడను సిగ్నల్‌తో చూపే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరికీ ఇస్తారా అని అడగండి. 2022 అక్టోబర్ 4న అదే ఉత్తరకాశీ జిల్లాలో, ద్రౌపదీ కా దండా అనే శిఖరం మీద మంచు చరియల్లో చిక్కుకుపోయినవాళ్లు పర్వతారోహణలో శిక్షణ పొందుతున్నవాళ్లు, వాళ్ల శిక్షకులు. 27 మంది మృతదేహాలు దొరికాయి.

నన్నడిగితే అసలు చిక్కు తిరుగు టికెట్‌తోనే. మర్నాడే బండి ఉందన్న టెన్షన్‌లోనే నేను గైడ్‌ని అంత ఒత్తిడి చేశాను. ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రికి తిరిగి దిగే రోజుకీ, ఢిల్లీలో బండెక్కే రోజుకీ మధ్య ప్రయాణానికి కాక ఇంకో రెండు రోజులు ఖాళీ ఉందా? లేకపోతే ఇప్పుడే టికెట్ మార్చుకోండి.