కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి మ్యూజియంలో పనేముంది?

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. స్పెయిన్‌లోని మాలగా పికాసో మ్యూజియం వీడియో చూసినప్పటి నుంచి మ్యూజియంలోనే పని చేస్తానంటోంది. మేమేమో బీఈడీ చేయిద్దామనుకుంటున్నాం. చదివిన కెమిస్ట్రీ వృథాయేనా?"

వృథా కాదండీ, అసలు అక్కరకొచ్చేదే అది. అమ్మాయి చూసింది 16వ శతాబ్దపు ప్యాలెస్, 2003లో మ్యూజియంగా తెరిచారు. పైన చిత్రకారుడు పికాసో వేసిన బొమ్మలు, కింద నేలమాళిగలో ఫినీషియన్లనే ప్రాచీన సముద్ర వ్యాపారుల నాటి గోడలు, రోమన్లు చేపలు ఊరబెట్టిన తొట్ల ఆనవాళ్లు. ఇలాంటి చోట కాగితానికి ఒక జాగ్రత్త, రాతికి ఇంకో జాగ్రత్త, తేమ కాస్త అటూ ఇటూ అయినా ఏదో ఒకటి పాడవుతుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లే కన్సర్వేటర్లు.

అంత దూరం దేనికి, చంద్రగిరి రాజమహల్ మీకు దగ్గరే కదా. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మహల్, లోపల పురావస్తు శాఖ వాళ్ల మ్యూజియం. అక్కడి కంచు విగ్రహాలు చూపించండి. ఇంట్లో ఇత్తడి సామాను చిలుము పడితే మనం చింతపండు వేసి తోమేస్తాం (మా ఇంట్లో ఇప్పటికీ అంతే), పాత విగ్రహాన్ని అలా తోమితే పులుపు కంచును తినేస్తుంది, చెక్కిన గీతలు అరిగిపోతాయి. పైగా ఆకుపచ్చ పొడి రాలుతోందంటే లోపల క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) ఉన్నట్టు, తేమ తగిలినకొద్దీ లోహాన్ని కొరుకుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే కెమిస్ట్రీ రావాల్సిందే.

నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది, పాత పేరు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్. అక్కడ కన్సర్వేషన్‌లో రెండేళ్ల ఎంఏ చేయొచ్చు, ఈ ఏడాది అర్హతలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. తర్వాత డెహ్రాడూన్ కేంద్రంగా ఉన్న పురావస్తు శాఖ సైన్స్ విభాగం, లక్నోలోని జాతీయ కన్సర్వేషన్ ల్యాబ్, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ లాంటివి ఉన్నాయి. ఎస్వీ యూనివర్సిటీలో ఆర్కియాలజీ కూడా ఉంది కానీ తవ్వకాల మీద, చరిత్ర మీద మనసుంటేనే అటు పంపండి.

ఉన్నమాట చెప్పాలంటే పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో తెలీదు, మొదట్లో కాంట్రాక్టు పనే దొరకొచ్చు, అదీ ఉత్తరాదిలో. హిందీ కొంచెం నేర్చుకోమనండి. రెండేళ్లు ఇంటికి దూరంగా పంపడానికి మీరు సిద్ధమేనా, ఆ మాట ముందు ఇంట్లో తేల్చుకోండి. బీఈడీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేసుకోవచ్చు. చంద్రగిరికి మాత్రం శుక్రవారం వెళ్లకండి, మ్యూజియం సెలవు.