ఎర్త్ రాడ్ ఉన్నా స్టార్టర్ బాక్సు షాక్ కొడుతుంటే

బోరు మోటారు బాడీకి ఎర్త్ రాడ్ వేసినా స్టార్టర్ బాక్సు షాక్ కొడుతోందని, ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే ఆగే స్విచ్) పడటం లేదని అడిగారు కదండీ. రాడ్ ఒక్కటే ఎంసీబీని పడగొట్టలేదు. రాడ్ నిరోధం 20 ఓంలు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ 2 ఓంలు అనుకోండి. ఫేజ్ బాడీకి తగిలితే 240 వోల్టులను మొత్తం 22 ఓంలతో భాగిస్తే సుమారు 11 ఆంపియర్లే పారతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే! బాక్సు మీద మాత్రం 218 వోల్టులు నిలుస్తాయి. ఉప్పు, బొగ్గు పోస్తే నిరోధం తగ్గుతుంది గానీ ఈ పనికి చాలదు.

ముందు మెయిన్ ఆపి, స్టార్టర్ దగ్గర మోటారు వైర్లు విప్పి, ఇన్సులేషన్ నిరోధం కొలిచే మెగ్గర్‌తో చూడండి. 1 మెగా ఓం కంటే తక్కువొస్తే కేబుల్ జాయింటో మోటారు లోపలి చుట్టో (వైండింగ్) పోయినట్టే. ఆపైన, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే నాలుగు పోల్స్ (మూడు ఫేజులు, న్యూట్రల్) ఆర్‌సీసీబీ పెట్టించండి, 30 మిల్లీ ఆంపియర్లది. పొడవాటి కేబుల్ లీకేజీకి అదే పనిగా పడిపోతుంటే 100ది. న్యూట్రల్ లేకపోతే కొన్ని మోడళ్లలో టెస్ట్ బటన్ పనిచేయదు, కొనేముందే అడగండి. ఇనుప కేసింగ్, బాక్సు, రాడ్ మూడింటినీ ఒకే వైరుతో కలపాలి. బాడీని న్యూట్రల్‌కి మాత్రం కట్టొద్దు: లైనులో న్యూట్రల్ తెగితే బాక్సులోకి కరెంటొస్తుంది.