పుట్టగొడుగు సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష చేయించుకోండి

ప్రశ్న (సంక్షిప్తంగా): డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 61. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. 2025లో మా అమ్మాయి దగ్గర మెల్‌బోర్న్‌లో ఉన్న రోజుల్లో ఎరిన్ ప్యాటర్సన్ కేసు విచారణ నడిచింది. విషపు పుట్టగొడుగులు కలిపిన భోజనం పెట్టి అత్తమామలను, అత్తగారి చెల్లెలిని చంపిందన్న కేసు. ఏ సాక్షి ఏమి చెప్పారో రోజూ చదివేవాణ్ని, పాడ్‌కాస్టులు వినేవాణ్ని. హైదరాబాద్ వచ్చాక కూడా ఆ ధ్యాస పోలేదు. ఎక్కడ భోజనానికి కూర్చున్నా నా పళ్లెం, పక్కవారి పళ్లెం ఒకే రంగులో ఉన్నాయా అని చూసుకుంటున్నాను. మూడు వారాల కిందట బంధువుల గృహప్రవేశంలో పుట్టగొడుగుల కూర తిన్నాను. రెండు గంటల్లోపే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటే మర్నాటికి తగ్గాయి. ఆ కేసులో కూడా మొదట తగ్గినట్టే తగ్గి తర్వాత లివర్ దెబ్బతింటుందని వైద్యులు సాక్ష్యం చెప్పారు కదా! నా ఒంట్లో విషం మిగిలి ఉందా? ఏ పరీక్షతో తెలుస్తుంది? ఇంట్లో పుట్టగొడుగులు పూర్తిగా మానేయాలా? నాలుగైదు రోజులుగా ఆకలి లేదు, కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు, మూత్రం పచ్చగా వస్తోంది. 650 మాత్ర రోజుకు మూడు, జలుబు మాత్ర మూడు వేసుకుంటున్నాను. మోకాళ్ల నొప్పి మాత్ర ఉదయం, రాత్రి ఎప్పటినుంచో ఉంది. తిప్పతీగ కషాయం రోజూ తాగుతాను. బీపీకి మందు వాడుతున్నాను. శని, ఆదివారాల్లో రెండు పెగ్గులు తీసుకుంటాను. — ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: మీ అసలు ఉత్తరంలో మూడొంతులు కోర్టు సాక్ష్యాలే ఉన్నాయి. నాకు కావలసిన ముక్క మాత్రం చివర్లో, వెళ్తూ వెళ్తూ గుర్తొచ్చినట్టు రాశారు: ఆకలి లేదు, మూత్రం పచ్చగా వస్తోంది. అందుకని మీరు అడిగిన వరుసలో కాక, నాకు తోచిన వరుసలో జవాబిస్తున్నాను. ఇది పోర్టల్‌లో వచ్చేదాకా ఆగకుండా మీకు ముందే మెయిల్ పెట్టమని సంపాదకులకు చెప్పాను. అందే ఉంటుంది.

ఈ రోజే దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి. లివర్ ఫంక్షన్ పరీక్ష, దానితో పాటు రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఐఎన్ఆర్ చేయించండి. లివర్ పరీక్షలో వచ్చే బిలిరుబిన్ ఎంతో, ఎస్‌జీపీటీ ఎంతో అందరూ అడుగుతారు. లివర్ నిజంగా పని చేస్తోందా లేదా అన్నది ఎక్కువగా చెప్పేది ఐఎన్ఆర్. దాన్ని చాలామంది వదిలేస్తారు. ఈ రక్తపరీక్షలకు పరగడుపున ఉండాల్సిన పని లేదు కాబట్టి రేపటికి వాయిదా వేయడానికి సాకు లేదు. నీళ్లు తక్కువ తాగినా మూత్రం ముదురుగా వస్తుంది, నిజమే. నీళ్లు బాగా తాగినా రంగు మారకపోతే, లోపలి బట్టకు పసుపు మరక అంటుతుంటే అది వేరే సంగతి. మీ శ్రీమతిని పగటి వెలుగులో, కిటికీ దగ్గర మీ కంటి తెల్లగుడ్డు చూడమనండి. రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద చూసి 'ఏమీ లేదులే' అనుకున్న కామెర్లు నేను చాలా చూశాను.

ఇక మాత్రలు. మీరు బ్యాంకు మనిషి, లెక్క మీకు నేను నేర్పనక్కర్లేదు. 650 మాత్రలు మూడంటే 1950 మిల్లీగ్రాముల పారాసెటమాల్. జలుబు మాత్రల్లో చాలా వాటిలో 500 చొప్పున అదే మందు ఉంటుంది, మూడింటికి 1500. మోకాళ్ల నొప్పికి మన ఊళ్లో ఎక్కువగా రాసే కాంబినేషన్ మాత్రల్లో ఎసిక్లోఫెనాక్‌తో పాటు 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కలిపి ఉంటుంది, రెండింటికి 650. మొత్తం 4100. ఆరోగ్యంగా ఉండి, వేళకు తింటున్న పెద్దవాళ్లకే రోజుకు 4000 దాటకూడదు. వయసు పైబడినవారికి, మద్యం తాగేవారికి, తిండి సరిగా తిననివారికి మేము ఇంకా తక్కువలోనే ఆపుతాం. మీరు మాత్రల పేర్లు రాయలేదు కాబట్టి ఇది నా అంచనా మాత్రమే. స్ట్రిప్పు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి, ఎక్కడెక్కడ పారాసెటమాల్ అని ఉందో మీకే కనిపిస్తుంది.

దీనివల్లే మీ లివర్ దెబ్బతిందని నేను అనడం లేదు. ఉత్తరం చూసి అలా తేల్చలేను, తేల్చకూడదు. ఇంత మోతాదు కొద్ది రోజులు వేసుకున్న చాలామందికి ఏమీ కాదు కూడా. కాని పారాసెటమాల్ లివర్‌లో విరిగేటప్పుడు కొంత విషపదార్థం పుడుతుంది, దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. కడుపు మాడ్చుకున్నా, మద్యం తాగినా ఆ గ్లూటాథయోన్ నిల్వలు తగ్గుతాయి. ఆకలి లేక నాలుగు రోజులుగా తినని మనిషి, వారాంతంలో తాగే మనిషి, మూడు రకాల డబ్బాల్లోంచి ఒకే మందు మింగుతున్న మనిషి మీరే. పైగా ఇది ఎక్కువైనప్పుడు మొదటి రోజు వికారంగా ఉండి, రెండో రోజు తేలికపడినట్టు అనిపించి, ఆ తర్వాత లివర్ దెబ్బ బయటపడుతుంది. మీరు కోర్టు వార్తల్లో విని భయపడిన వరుస కూడా దాదాపు ఇదే. దీనికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఎంత తొందరగా ఇస్తే అంత బాగా పనిచేస్తుంది. అవసరమా కాదా అన్నది మీ రిపోర్టు చూసిన డాక్టరు నిర్ణయిస్తారు.

తిప్పతీగ కషాయం ఈ రోజుతో ఆపండి. కోవిడ్ కాలంలో ఇమ్యూనిటీ పేరుతో దీన్ని తాగి లివర్ వాపుతో వచ్చిన కేసులను ముంబయి వైద్యులు 2021లో నివేదించారు. మొక్కే కదా, ఏమవుతుంది అంటారు. మీరు అంతగా భయపడుతున్న పుట్టగొడుగు మాత్రం ఫ్యాక్టరీలో తయారైందా?

నాకు ఇంకో అనుమానం ఉంది, నిజానికి ఇదే బలమైనది. మీరు పుట్టగొడుగుల కూరను బోనెక్కించారు. అదే గృహప్రవేశంలో తాగిన నీళ్ల గురించి ఒక్క మాట రాయలేదు. ట్యాంకరు నీళ్లా, డ్రమ్ముల్లో పట్టి ఉంచిన నీళ్లా, మజ్జిగలో వేసిన ఐసు ఎక్కడిది? కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు ఒంట్లో చేరిన రెండు వారాల నుంచి ఏడెనిమిది వారాల లోపు ఎప్పుడైనా బయటపడతాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు, అన్నం వాసనే సహించకపోవడం, ఆపైన పచ్చ మూత్రం. మూడు వారాలన్న మీ లెక్క దానికి సరిపోతోంది. మన దేశంలో హఠాత్తుగా లివర్ విఫలమయ్యే కేసుల్లో పెద్ద వాటా ఇలాంటి వైరస్‌లదే. మీ వయసువారిలో చాలామందికి చిన్నప్పుడే 'ఎ' వచ్చి పోయి ఉంటుంది కాబట్టి నేను 'ఇ' వైపు మొగ్గుతాను. రెండింటికీ ఐజీఎం పరీక్షలు (ఇన్‌ఫెక్షన్ కొత్తగా వచ్చిందా అని చూసే రక్తపరీక్షలు) ఉన్నాయి, బి, సి కూడా చూడాలి. ఆ విందుకు వచ్చిన బంధువుల్లో ఇంకెవరికైనా కామెర్లు వచ్చాయేమో కనుక్కోండి. ఎవరైనా గర్భిణి ఉంటే ఈ మాట ఈ రోజే వారికి చేరవేయండి, హెపటైటిస్ ఇ గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్న. ఆ కేసులో వాడిన డెత్ క్యాప్ పుట్టగొడుగులో ఉండే అమాటాక్సిన్ అనే విషం రెండు గంటల్లో వాంతులు చేయించదు. సాధారణంగా ఆరు గంటలు దాటాకే, చాలాసార్లు పది పన్నెండు గంటలకు మొదలవుతుంది. 2023 జూలై 29న ఆస్ట్రేలియాలోని లియోంగాథా అనే ఊళ్లో ఆ మధ్యాహ్నం భోజనం చేసినవాళ్లకు కూడా అర్ధరాత్రి ప్రాంతంలోనే మొదలైంది. మీకు రెండు గంటల్లోనే వచ్చి మర్నాటికి తగ్గింది కాబట్టి, అది ఎండలో చాలాసేపు ఉన్న వంటకం వల్ల వచ్చిన మామూలు ఫుడ్ పాయిజనింగ్ అయి ఉండాలి. నిజంగా అమాటాక్సిన్ అయితే మూడు వారాలు ఆగదు, మొదటి వారంలోనే అటో ఇటో తేలిపోతుంది. ఆ విషం కొద్ది రోజులకే శరీరంలోంచి పోతుంది, మిగిలేది అది చేసిన నష్టమే. కాబట్టి ఇప్పుడు దానికోసం వెతికే పరీక్ష ఏదీ లేదు, అవసరమూ లేదు.

మీరు పళ్లేల రంగు గురించి, అంటే అతిథులకు బూడిద రంగు పళ్లేలు, ఎరిన్‌కు వేరే రంగు అన్న ఇయాన్ విల్కిన్సన్ (ఆ నలుగురు అతిథుల్లో బతికి బయటపడ్డ ఒక్కరు) సాక్ష్యం గురించి ఒక పేజీ రాశారు. వైద్యుడిగా నా కన్ను ఆగింది మరో సాక్ష్యం మీద. ఆవిడ ఆసుపత్రికి వచ్చిన కొద్ది నిమిషాలకే వద్దన్నా వినకుండా వెళ్లిపోతే, అక్కడి డాక్టరు పోలీసులకు ఫోను చేశారు. ఆవిడ ఎందుకు వెళ్లారన్నది జ్యూరీ చూసుకుంది, 2025 జూలై 7న దోషి అని తేల్చింది కూడా. కాని మన దగ్గర ప్రతి వారం ఎవరో ఒకరు 'నా ఇష్టపూర్వకంగా వెళ్తున్నాను' అని సంతకం పెట్టి వార్డులోంచి వెళ్లిపోతారు. మా ఆసుపత్రిలో మేము ఎవరికీ ఫోను చేయం. మూడు రోజుల తర్వాత కళ్లు పచ్చబడి, మాట తడబడుతూ తిరిగి వస్తారు. ఆ మూడు రోజులే అసలు వైద్యం చేయాల్సిన రోజులు. ఆ భోజనం చేసిన నలుగురూ మర్నాడే ఆసుపత్రికి వెళ్లారు, మెల్‌బోర్న్‌లోని పెద్ద ఆసుపత్రికి తరలించారు, ఎరిన్ మామగారు డాన్ ప్యాటర్సన్‌కు లివర్ మార్పిడి కూడా చేశారు. అయినా ముగ్గురు దక్కలేదు. విల్కిన్సన్ బతికి, సెప్టెంబరులో గాని ఇంటికి చేరలేదు. వెంటనే వెళ్లినవాళ్ల పరిస్థితే అదైతే, మెడికల్ షాపు వాడిని అడిగి నాలుగు మాత్రలు మింగి కూర్చునే మనం ఏమనుకోవాలి? ఏ మాత్రలు వేసుకున్నారని అడిగితే నా ఓపీలో వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: 'తెల్లది, చిన్నది సార్.'

రిపోర్టులో కామెర్లని తేలితే ఎవరో ఒకరు పసరు గురించి చెబుతారు. ఫలానా ఊళ్లో ఆదివారం పొద్దున్నే పసరు పోస్తారు, మూడు వారాలు పథ్యం అంటారు. వెళ్లకండి. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. తగ్గని ఆ కొద్దిమందే మా దగ్గరికి ఆలస్యంగా వస్తారు. చేతి మీద వాతలు కూడా వద్దు. కూరలో పసుపు మానేస్తే కంట్లో పచ్చదనం పోదు. చప్పిడి మజ్జిగన్నంతో ఒళ్లు ఎండబెట్టుకోకండి, తినగలిగినంత మామూలు భోజనం తినండి.

మత్తుగా ఉండటం, పగలు నిద్ర, రాత్రి మెలకువ, మాట తేడాగా రావడం, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఆగని వాంతులు వీటిలో ఏది కనిపించినా ఓపీ వేళల కోసం చూడకుండా 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

పుట్టగొడుగులు మానేయక్కర్లేదు. దుకాణాల్లో ప్యాకెట్లలో దొరికే బటన్, ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగులు షెడ్లలో పెంచినవి. తాజాగా ఉన్నవి కొనుక్కొని బాగా ఉడికించి తినండి. వానలు పడగానే నగర శివార్లలో రోడ్డు పక్కన బుట్టల్లో పెట్టి అమ్మేవి మాత్రం వద్దు. పుట్టల మీద మొలిచేవాటిని పల్లెల్లో తరతరాలుగా తింటున్నారు, అవి మంచివే. కాని ఏది ఏదో గుర్తుపట్టే కన్ను వాళ్లకుంది, మీకూ నాకూ లేదు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదని, పురుగు తిన్నదైతే మనమూ తినవచ్చని చెప్పే పరీక్షలన్నీ వట్టివి. ఉడికించినా, ఎండబెట్టినా అమాటాక్సిన్ చావదు. అస్సాంలో 2022 ఏప్రిల్‌లో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. ఎప్పుడైనా అనుమానం వస్తే మిగిలిన కూరను, వండని ముక్కను పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117.

పళ్లేల రంగు చూసుకోవడం గురించి: కొన్నాళ్లు ఆ పాడ్‌కాస్టులు పక్కన పెట్టి చూడండి. అయినా భోజనం దగ్గర భయం తగ్గకపోతే డాక్టరుకు ఆ మాట కూడా చెప్పండి, దానికీ వైద్యం ఉంది. సిగ్గుపడాల్సిన విషయం కాదు.

బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపవద్దు. జలుబు మాత్ర, 650, మోకాళ్ల మాత్ర మూడూ డాక్టరును కలిసేదాకా ఆపండి, ఆ మోకాళ్ల మాత్ర మీ బీపీకి, కిడ్నీలకు కూడా మంచిది కాదు. మద్యం రిపోర్టులు మామూలుగా వచ్చేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, కషాయం పొడితో సహా ఒక సంచిలో వేసుకొని వెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. మోకాళ్లకు ఇకముందు ఏమి వాడాలో అవన్నీ చూశాక ఆయనే రాసిస్తారు, అందాకా వేడి కాపడంతో సరిపెట్టుకోండి.