నవల ముందు చెప్పు, తర్వాత రాయి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. రెండేళ్లయినా నవల మూడో ప్రకరణం దాటలేదన్నావు. బ్యాంకు ఉద్యోగం, ఇంటి పనీ చూసుకుంటూ పోటీ గడువులోగా మొత్తం నవల పూర్తి చేయడం అయ్యే పనేనా అని అడిగావు. అవుతుంది. కానీ ఇప్పుడు రాస్తున్న పద్ధతిలో కాదు.

నువ్వు పంపిన మూడు ప్రకరణాలూ చదివాను. ప్రతి వాక్యాన్నీ పదిసార్లు దిద్దినట్టు తెలుస్తోంది. నిన్నటి పేజీ తెరిచి మొదటి లైను నుంచి సరిచేసుకుంటూ వస్తే, ఈ రోజు రాయాల్సిన చోటికి వచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది, కళ్లు మూతలు పడతాయి. మళ్లీ రేపూ ఇంతే. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. నవలని ఎవరికైనా చెప్పు. నోటితో చెప్పు. ఎదుట మనిషి వింటుంటే వెనక్కి వెళ్లి దిద్దుకోవడం కుదరదు. ‘అయితే తర్వాతేమైంది?’ అని అడుగుతారు. బుర్రకథలో కథకుడి పక్కనుండే వంతలు చేసే పని కూడా ఇదే కదా. ప్రశ్నలు వేస్తారు, అడ్డు తగులుతారు, కథని ముందుకు తోస్తారు.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ పెట్టినప్పుడు విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఆశువుగా చెబుతుంటే ఆయన తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు. అంత పెద్ద నవల 29 రోజుల్లో పూర్తయిందంటారు. అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది.

రష్యన్ నవలాకారుడు దస్తయేవ్‌స్కీది ఇంకా ఇరకాటం. 1866 నవంబరు 1 లోగా కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్లపాటు తను రాసేదంతా ఉచితంగా వేసుకునే హక్కు ప్రచురణకర్తకి పోతుంది. ఒప్పందం అలాంటిది. మరోవైపు ‘నేరము-శిక్ష’ పత్రికలో ధారావాహికగా వస్తోంది. అక్టోబరు వచ్చేసినా కొత్త నవల ఒక్క పేజీ కూడా లేదు. మిత్రులు తలా ఒక భాగం రాసిస్తామన్నారు, ఆయన ఒప్పుకోలేదు. అన్నా అనే షార్ట్‌హ్యాండ్ అమ్మాయిని కుదుర్చుకుని, పగలు ఆమెకి చెప్పాడు. ఆమె రాత్రి ఇంట్లో శుద్ధప్రతి రాసి మర్నాడు తెచ్చేది. ‘జూదరి’ 26 రోజుల్లో ముగిసింది. మరుసటి ఏడు వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు కూడా.

అయితే ఆ 26 రోజులూ చూసి మోసపోకు. ఆ కథ ఆలోచన 1863లోనే ఒక మిత్రుడికి ఉత్తరంలో వివరంగా రాశాడు. అంటే మూడేళ్లుగా మనసులో నానుతున్న కథ అది. విశ్వనాథకి కూడా 1934 నాటికి దాదాపు నలభై ఏళ్లు. ఆ ఊళ్లు, ఆ మనుషులు, ఆ పాడిపంటలు అప్పటికే ఆయన లోపల ఉన్నాయి. నీ మూడు ప్రకరణాల్లోనూ మీ అమ్మమ్మగారి ఊరు ఎంత సజీవంగా ఉందో చూశాను కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. నీ దగ్గర సరుకుంది.

మొదటి పది రోజులు కథ రాయకు. ఒక నోటుబుక్కు తీసుకుని ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి ఎంత వయసో రాసుకో. తెలుగు నవలలో ఇది చిన్న విషయం కాదు. వరసలు తప్పితే పిలుపులు తప్పుతాయి, పిలుపులు తప్పితే సంభాషణంతా కృతకమవుతుంది. కథ నడిచే సంవత్సరం క్యాలెండరు పక్కన పెట్టుకుని పండగలు, నాట్లు, కోతలు, పరీక్షలు గుర్తు పెట్టుకో. ఆఖరి సన్నివేశం ఏమిటో మాత్రం కచ్చితంగా తేల్చుకో. మధ్య దారి తెలియకపోయినా ఫరవాలేదు, చేరాల్సిన ఊరు తెలియాలి.

తర్వాత నలభై అయిదు రోజులు చెప్పు. వినేవాళ్లు మీ చెల్లెలు కావచ్చు, ఫోన్లో స్నేహితురాలు కావచ్చు. ఎవరూ దొరకని రోజు ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టుకుని మీ చెల్లెలికే చెబుతున్నట్టు చెప్పు. రోజుకి ఎనిమిది వందల మాటలు చాలు. ఆగుతూ, ఆలోచించుకుంటూ చెప్పినా గంటలో అయిపోతుంది. మొత్తం ముప్ఫయ్యారు వేలు. ఇంగ్లిష్‌వాళ్లు నెలలో యాభై వేల మాటలు రాయాలని పెట్టుకునే లెక్క చూసి టెన్షన్ పడకు. మన భాషలో విభక్తులు మాటలోనే అతుక్కుపోతాయి. అదే కథ చాలా తక్కువ మాటల్లో ఇముడుతుంది.

ఆడియో కూడా వేరే ఫోన్లో రికార్డు చేసి దాచుకో. యంత్రానికి మన యాస సరిగా పట్టుబడదు. ‘పోతాండు’, ‘వచ్చినాది’ లాంటివి విని తనకి తోచిన మాట వేస్తుంది. నువ్వు మాత్రం దానికోసం యాస మార్చుకోకు. మీ అమ్మమ్మ ఎలా మాట్లాడేదో అలాగే ఆమె చేత మాట్లాడించు. తప్పులు చివర్లో ఆడియో విని దిద్దుకోవచ్చు.

తెలియని చోట ఆగిపోవద్దు. పొలం తగాదా కోర్టుకెక్కే ఘట్టంలో వాయిదాలు ఎలా పడతాయో తెలియకపోతే ‘ఇక్కడ లాయరుగారిని అడగాలి’ అని చెప్పేసి ముందుకి సాగు. ఆ రోజే నెట్ తెరిస్తే గంట కాస్తా అక్కడే పోతుంది. పేరు గుర్తు రాకపోతే ‘ఆ మేనత్త’ అను. పాత్రకి మధ్యలో కొత్త ఉద్యోగం ఇవ్వాలనిపిస్తే మొదటి నుంచీ అదే ఉద్యోగం ఉన్నట్టు చెప్పుకుంటూ పో, వెనకటి పేజీలు తర్వాత మార్చుకోవచ్చు.

ఇరవయ్యో రోజు దరిదాపుల్లో కథ చప్పబడుతుంది. దాదాపు అందరికీ ఇలాగే అవుతుంది, నీ ప్రతిభకీ దీనికీ సంబంధం లేదు. నవల మానేసి ఇంకో మంచి ఐడియా మొదలుపెట్టాలనిపించేది కూడా సరిగ్గా అప్పుడే. ఒక పెళ్లి పెట్టు, లేదా పెద్దకర్మ పెట్టు. మాటలు లేని అన్నదమ్ములు ఒకే బంతిలో కూర్చోక తప్పని చోటు అది. ఎవరు ఎవరికి వడ్డించరో, ఎవరు భోజనం చేయకుండా లేచిపోతారో చెప్పడం మొదలుపెడితే మరో వారానికి సరిపడా కథ నడుస్తుంది. నీ నవలలో పెద్దమావయ్యకీ మీ నాయికకీ ఇంతవరకూ ఒక్కసారి కూడా ముఖాముఖి మాటలు జరగలేదు. అది అక్కడ జరగనివ్వు.

ఏ రోజైనా ఆపేముందు రేపటి మొదటి వాక్యం ఒకటి చెప్పి ఆపు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చెప్పాలని కూర్చోకు, ఆ రోజుది ఆ రోజు చెప్పు.

అంతా అయ్యాక పదిహేను రోజులు ఆ ఫైలు తెరవకు. ఆ తర్వాత చదివితే అది ఇంకా నవల కాదని నీకే తెలుస్తుంది. మాటలు మళ్లీ మళ్లీ వచ్చి ఉంటాయి, వర్ణన పల్చగా ఉంటుంది, ‘అప్పుడు ఏమైందంటే’లు వందలుంటాయి. నీకు వాక్యం మీద ఉన్న శ్రద్ధ అంతా అప్పుడు చూపించు. దిద్దడానికి కనీసం ఇంకో నెల పడుతుంది, గడువు లెక్కలో అది కూడా వేసుకో. ఈ పోటీకి అందకపోతే వచ్చేదానికి పంపుదువుగాని, తొందరపడి పచ్చి ప్రతి మాత్రం పంపకు.

వరసల పట్టిక, ఆఖరి సన్నివేశం రెండూ సిద్ధం కాగానే నాకు పంపు. రెండు రోజుల్లో చూసి చెబుతాను. వినేవాళ్లు దొరకని ఆదివారాల్లో నాకు ఫోన్ చెయ్యి, నేను వింటాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు