ఆల్‌రౌండర్ కావాలంటే ఎన్ని వాయిద్యాలు నేర్పించాలి?

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. నాలుగేళ్లుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది, వర్ణాల దాకా వచ్చింది. టీవీ పాటల పోటీకి పంపాలనుకుంటున్నాం. ఆల్‌రౌండర్ కావాలంటే వాయిద్యం కూడా రావాలంటున్నారు. కీబోర్డు మంచిదా, గిటారా? - ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది కీబోర్డు గురించే గానీ, ఉత్తరం చదివితే ఇన్నేళ్ల ఫీజూ తిరుగుడూ వృథా అవుతాయేమోనన్న దిగులే కనిపించింది. కావు. సరళీ వరుసలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణాల్లోకి, అంటే స్వరమూ సాహిత్యమూ కలిసిన పెద్ద అభ్యాస రచనల్లోకి, వచ్చిన పిల్ల వెనకబడినట్టు కాదు.

పోయిన నెల మీలాగే ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చారు. ఆ పాప ఫోన్‌లో రికార్డు చేసిన ట్రాక్ పెట్టుకుని మోహన రాగ వర్ణం గడగడా పాడేసింది. ట్రాక్ ఆపించి, శ్రుతి మాత్రం ఉంచి, వర్ణం రెండో భాగమైన చరణం దగ్గర ఎత్తుకోమన్నాను. నోరు పెగల్లేదు. మొదటి నుంచి పాడుకుంటూ వస్తే గానీ చరణం గుర్తు రావడం లేదు. రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, వచ్చేసరికి తాళం వేసే చెయ్యి పాట వెంట పరుగెత్తింది. “టెన్షన్ పడిందండీ” అన్నారు తల్లి. నాకలా అనిపించలేదు. పాపకి పాట కంఠతా వచ్చు, తను ఏ స్వరం మీద ఉందో తెలియదు.

విన్న ముక్కకు స్వరం చెప్పడం, మూడు కాలాల్లో తాళం నిలపడం, ఎప్పుడూ పాడని గీతాన్ని నొటేషన్ చూసి పాడడం, రాగంలో సొంతంగా నాలుగు స్వరాలు అల్లడం. నా లెక్కలో ఆల్‌రౌండర్ అంటే ఇది. చాలా కీబోర్డు గ్రేడ్ పరీక్షల్లోనూ పాటలు వాయిస్తే సరిపోదు, చూసి వాయించడం, విని చెప్పడం లాంటివీ అడుగుతారు.

బాలమురళీకృష్ణ గారు వయోలా, మృదంగం, కంజీర కూడా వాయించారు కదా అంటారు. ఆయన పుట్టిన ఇంట్లో తండ్రి వేణువు, తల్లి వీణ. మనింట్లో సాయంత్రం ఏం మోగుతుందో మీకే తెలుసు.

టీవీ పోటీల మీద నాకు బోలెడు అనుమానాలు. రెండు నిమిషాల పాట కోసం వారాల తరబడి అదే ముక్క రుద్దిస్తారు, రోజువారీ సాధన మూలపడుతుంది. ఎలిమినేట్ అయ్యాక నెలల తరబడి గొంతు విప్పని పిల్లలు ఇద్దరు నా దగ్గరికే వచ్చారు. కోపం తెచ్చుకోకండి, మీ ఉత్తరంలో “అనుకుంటున్నాం”, “అంటున్నారు” ఉన్నాయి గానీ పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? సినిమా పాటే లక్ష్యమైనా తొందరేం లేదు. ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయం చదువుకున్నాకే సినిమాల్లోకి వెళ్లారు.

ఇక మీ ప్రశ్న. రెండిట్లో ఒకటే అంటే కీబోర్డు. నొటేషన్ చదవడం, కార్డులు (chords, కలిపి మోగించే స్వరాలు) అర్థమవుతాయి. మామూలు కీబోర్డు మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, రాదు కాబట్టి దానికి గొంతు కలిపి సాధన చేయించకండి. నన్నడిగితే రెండూ పక్కనపెట్టి ఆరు నెలలు మృదంగం క్లాసుకి పంపిస్తాను, లయ కుదురుతుంది. ఏదైనా వచ్చే వేసవిలో చూద్దాం.

ఈ వారం మాత్రం టీచర్‌ని “ఎన్ని వర్ణాలయ్యాయి?” అని అడక్కండి. “మా పాప ట్రాక్ లేకుండా చరణం ఎత్తుకోగలదా?” అని అడగండి.